ఫ్లాష్‌బ్యాక్ ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?

మేముండేది ఓవర్‌లాండ్ పార్క్‌లో. కాన్సస్ సిటీ అనగానే అది కాన్సస్ రాష్ట్రంలో ఉందనుకుంటారు మనవాళ్ళు. అసలు ఊరు మిస్సోరిలో ఉంది, మా శివారు కాన్సస్‌లో ఉంది, రెంటికీ మధ్య స్టేట్ లైన్ రోడ్ అని ఒక మామూలు రోడ్డు. అది దాటితే రాష్ట్రం మారుతుంది, సేల్స్ టాక్స్ మారుతుంది, అంతకుమించి ఏమీ మారదు. ఆ రోడ్డు మీద ఏళ్ళ తరబడి తిరిగాక గానీ నాకు తెలియలేదు, ఒకప్పుడు ఈ గీతకి అటూ ఇటూ ఉన్నవాళ్ళు ఒకళ్ళ ఇళ్ళు ఒకళ్ళు తగలబెట్టుకున్నారని, అమెరికా అంతర్యుద్ధం 1861లో మొదలైందని బడిలో చెప్పినా ఇక్కడ మాత్రం అంతకు ఆరేడేళ్ళ ముందే మొదలైపోయిందని, గుర్రాలెక్కి బ్యాంకులూ రైళ్ళూ దోచిన దొంగల్లో బాగా పేరున్నవాళ్ళు ఈ గొడవలోంచే వచ్చారని.

మన బుర్రల్లో ఉన్న కౌబాయ్ దొంగ వేరు. చిన్నప్పుడు తెర మీద కృష్ణ టోపీ పెట్టుకుని గుర్రం దౌడు తీయిస్తుంటే చూశాం కదా, ఆ దుమ్మూ, ఆ ఇసుక దిబ్బలూ, నాగజెముడు డొంకలూ, చెక్క ఇళ్ళ ఊరూ. చట్టం ఇంకా చేరని ఎడారిలో దొంగ పుడతాడని లెక్క. ఈ మిస్సోరి దొంగల్లోకెల్లా పేరుమోసిన జెస్సీ జేమ్స్ పుట్టిన ఊరికి వెళ్తే ఇవేవీ కనపడవు. మా ఇంటి నుంచి ముప్పావుగంట, కార్నీ అనే చిన్న ఊరి పక్కన. పచ్చటి పొలాలు, వాగు, పెద్ద చెట్లు. ఆ రోజుల్లోనూ అక్కడ చర్చి ఉంది, కోర్టు ఉంది, పక్కనే లిబర్టీ పట్టణంలో కాలేజీ కూడా ఉంది. చట్టం లేని చోటు కాదది. చట్టం ఉండి, అది ఎవరిదన్న దగ్గర ఊరు రెండుగా చీలిపోయిన చోటు. (ఇంకో పేరున్న దొంగ బిల్లీ ద కిడ్ సంగతి వేరు, యుద్ధం ముగిసేనాటికి వాడు పసివాడు. నేను మాట్లాడేది మిస్సోరి వాళ్ళ గురించే.)

మా మామగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు చూపించడానికి ఇక్కడేముంది? నయాగరా లేదు, లిబర్టీ విగ్రహం లేదు. ఒక శనివారం ఆ జేమ్స్ వాళ్ళ ఇంటికి తీసుకెళ్ళాను. ఇప్పుడది మ్యూజియం. దారిలో కారులో నాకు తెలిసిన కథంతా చెప్పాను, కొంచెం మసాలా కూడా వేసే చెప్పాననుకోండి.

1863 మే నెల. జెస్సీకి పదిహేనేళ్ళు. అన్న ఫ్రాంక్ దక్షిణాది పక్షాన గెరిల్లాల్లో కలిసి అడవుల్లో తిరుగుతున్నాడు. ఉత్తరాది పక్షపు మిలీషియా సైనికులు ఇంటి మీదికొచ్చారు, నీ కొడుకెక్కడ అని. మారుతండ్రి డాక్టర్ రూబెన్ సామ్యూల్ మెడకి ఉరితాడు వేసి చెట్టుకి వేలాడదీశారు, దించారు, మళ్ళీ లాగారు. చనిపోలేదు గానీ ఆ మనిషి మళ్ళీ పూర్తిగా మనిషి కాలేదంటారు. జెస్సీ పొగాకు చేలో ఉంటే వాణ్ణి సాళ్ళ వెంట తరిమి కొట్టారని ఆ కుటుంబం చెప్పుకునే కథ. మరుసటి ఏడు పదహారేళ్ళకి వాడు కూడా తుపాకి పట్టుకుని అన్న దగ్గరికి వెళ్ళిపోయాడు.

అంతా విని మామయ్యగారు, "మన ఫ్యాక్షన్ సినిమాల్లో ఇంటర్వెల్ తర్వాత వచ్చే ఫ్లాష్‌బ్యాకే గదా ఇది" అన్నారు. నిజమే. హీరో మొదటి సగంలో ఎవరితోనూ మాట్లాడకుండా తలొంచుకు తిరుగుతుంటాడు, రెండో సగంలో తెలుస్తుంది వాడి ఇంట్లో ఏం జరిగిందో. ఇక ఆ తర్వాత వాడు ఎంతమందిని నరికినా మనం ఈల వేస్తాం. ఫ్లాష్‌బ్యాక్ చేసే పని అదే, లెక్క ముందే చెల్లేసి పెడుతుంది.

మ్యూజియం చూసి బయటికొచ్చి పొలం వైపు నిలబడ్డాం. మా మామగారిది కందుకూరు వైపు, నలభై ఏళ్ళు పొగాకు వేసిన మనిషి. ఆయన ఇంటినీ తుపాకుల్నీ పెద్దగా పట్టించుకోలేదు, నేలనే చూస్తున్నారు. కాసేపాగి అడిగారు: "ఎంత భూమి బాబూ వీళ్ళది?" వంద ఎకరాలకు పైనే అన్నాను. "తండ్రేమో పాస్టరు, పైగా పిల్లాడు పాలు తాగే వయసులో పోయాడంటివి. వచ్చినాయన డాక్టరు. పిల్లలు ఇంతింత. మరి పొగాకు ఎవరు చేసేవాళ్ళు?"

ఈ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. పొగాకు చేసినవాళ్ళకి గానీ రాదేమో. నారు పోయడం దగ్గర్నుంచి, నాటు, తలలు తుంచడం, పిలకలు గిల్లడం, పురుగు ఏరడం, కోత, ఆరబెట్టడం, అడుగడుగునా మనిషి చెయ్యి పడాల్సిన పంట అది. పైగా వాళ్ళు హెంప్ కూడా పండించారు. గంజాయి జాతి మొక్కే గానీ నార కోసం వేసేవాళ్ళు. దాని కాడ విరిచి నార తీయడం నడుం విరిగే పని. జవాబు చాలా మామూలుగా ఉంటుంది, పాత రికార్డుల్లో రాసి కూడా ఉంది. జెస్సీ తండ్రి రాబర్ట్ జేమ్స్ చనిపోయేనాటికి ఆ ఇంట్లో ఆరుగురు బానిసలున్నారు. తర్వాత జెస్సీ తల్లి జెరెల్డా, ఆ డాక్టరుగారూ కలిసి ఏడుగురిదాకా పెంచారు. పొగాకు చేసింది వాళ్ళే.

అంటే, జెస్సీని తరిమిన ఆ పొగాకు చేను ఉంది చూశారూ, ఆ చేలో దెబ్బలు తినడం వాడితోనే మొదలై ఉంటుందా?

అక్కడ నిలబడి నేను కారులో చెప్పిన కథంతా వెనక్కి తిప్పుకుంటే నాకు కొంచెం సిగ్గేసింది. నేను ఫ్లాష్‌బ్యాక్‌ని 1863లో మొదలుపెట్టాను. అందరూ అక్కడే మొదలుపెడతారు. అక్కడ మొదలుపెడితే జెస్సీ బాధితుడు. పదేళ్ళు వెనక్కి జరిపి మొదలుపెడితే వాడు మనుషుల్ని సొంత ఆస్తిగా ఉంచుకున్న ఇంట్లో, ఆ ఆస్తి పోతుందేమోనన్న భయంలో పెరిగిన పిల్లవాడు. రెండూ నిజాలే, అబద్ధాలేమీ లేవు. ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో ఎంచుకోవడంలోనే అసలు పక్షపాతమంతా ఉంది. నేనీ వ్యాసంలో వాదించబోయేది కూడా ఇంతే: యుద్ధం ఈ దొంగల్ని తయారుచేసింది, అందులో నాకు అనుమానం లేదు, కాకపోతే గాయాలు చేసి తయారుచేసిందన్న కథ సగం కూడా కాదు. వాళ్ళకి పని నేర్పి, మనుషుల్నిచ్చి, దాక్కోడానికి చోటిచ్చి, చివరికి సమర్థించుకోడానికి మాటలు కూడా ఇచ్చి తయారుచేసింది.

రాబర్ట్ జేమ్స్ గురించి రెండు ముక్కలు చెప్పాలి, తర్వాత పనికొస్తాయి. కెంటకీ నుంచి వచ్చిన బాప్టిస్టు బోధకుడు. లిబర్టీలో 1849లో విలియం జ్యువెల్ కాలేజీ పెట్టినప్పుడు ముందుండి నిలబెట్టినవాళ్ళలో ఒకడు. మరుసటి ఏడే కాలిఫోర్నియా బంగారం వేటకెళ్ళి అక్కడి గని ఊళ్ళో జబ్బు చేసి పోయాడు. జెస్సీ పుట్టింది 1847 సెప్టెంబరు 5న, అప్పటికి మూడేళ్ళు కూడా సరిగ్గా నిండలేదు. ఈ కుటుంబం ఉన్న క్లే కౌంటీలో జనాభాలో నాలుగో వంతు బానిసలే. మిస్సోరి మొత్తం మీద చూస్తే పదో వంతే. దక్షిణాది నుంచి వచ్చి నది వెంబడి స్థిరపడ్డవాళ్ళ ప్రాంతం కాబట్టి దానికి 'లిటిల్ డిక్సీ' అని పేరు, డిక్సీ అంటే దక్షిణాది.

అక్కడి నుంచి కొద్ది మైళ్ళు పడమరకొస్తే కాన్సస్. 1854లో అమెరికా పార్లమెంటు ఒక చట్టం చేసి, ఈ కొత్త ప్రాంతంలో బానిసత్వం ఉండాలో వద్దో అక్కడ స్థిరపడ్డవాళ్ళే ఓటేసి తేల్చుకోండి అంది. ఓటు పెడితే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు గదా. మిస్సోరి నుంచి బళ్ళు కట్టుకొచ్చి దొంగ ఓట్లేశారు. ఉత్తరం నుంచి బానిసత్వ వ్యతిరేకులు తుపాకులతో సహా వలసొచ్చారు. 1856లో లారెన్స్ పట్టణాన్ని బానిసత్వ పక్షం దోచింది. ఆ వారంలోనే బానిసత్వ వ్యతిరేకి జాన్ బ్రౌన్ మనుషులు అర్ధరాత్రి ఇళ్ళలోంచి లాక్కొచ్చి ఐదుగురిని నరికారు. అప్పటికి జెస్సీకి ఎనిమిదేళ్ళు, ఫ్రాంక్‌కి పదమూడు. ఇది సరిహద్దు అవతల ఎక్కడో జరిగే వార్త కాదు వాళ్ళకి, భోజనాల దగ్గర మాట్లాడుకునే విషయం.

ఇక 1861 తర్వాత జరిగింది చెప్పాలంటే ఒక పక్షానికి కొమ్ము కాస్తూ చెప్పడం కుదరదు. నేను ఉండేది కాన్సస్ వైపు కాబట్టి మా వైపు పాపమే ముందు చెప్తాను. జిమ్ లేన్ అని కాన్సస్ సెనేటరు, 1861 సెప్టెంబరులో మిస్సోరిలోని ఓసియోలా పట్టణం మీద పడి దోచుకుని, తొమ్మిదిమందిని కాల్పించి, ఊరు తగలబెట్టాడు. జేహాకర్లు అని పేరున్న కాన్సస్ దళాలు బానిసల్ని విడిపించాయి, నిజమే. దాంతోపాటు గుర్రాల్నీ, పియానోల్నీ, పట్టుచీరల్లాంటి గౌన్లనీ కూడా విడిపించుకుని ఇంటికి పట్టుకెళ్ళాయి.

తర్వాత జెస్సీతో కలిసి దోపిడీలు చేసిన కోల్ యంగర్ కథ చూస్తే నాకు జెస్సీ కథకంటే ఎక్కువ బాధేస్తుంది. వాళ్ళ నాన్న హెన్రీ యంగర్ హారిసన్‌విల్‌లో పెద్ద వ్యాపారి, ఊరి మేయరుగా చేసినవాడు, పిల్లలు పద్నాలుగు మంది. బానిసలున్నా దేశం చీలిపోకూడదన్న మనిషి, ఉత్తరాది పక్షమే. 1862 జూలైలో ఊరికి తిరిగొస్తుంటే దారిలో చంపేశారు, చంపింది ఆయన పక్షపు మిలీషియానే. ఆ తర్వాత తల్లి చేత సొంత ఇంటికి నిప్పు పెట్టించారు. కోల్ అప్పటికే క్వాంట్రిల్ అనే గెరిల్లా నాయకుడి దళంలోకి చేరాడు. ఈ క్వాంట్రిల్ పుట్టింది ఒహాయోలో, మిస్సోరి వాడే కాదు, అంతకుముందు కాన్సస్‌లో బడిపంతులు! మనిషి ఏ పక్షంలో తేలతాడో అన్నది ఎప్పుడూ పుట్టుకతోనే తేలిపోదు అనడానికి వాణ్ణి మించిన ఉదాహరణ లేదు.

1863 ఆగస్టు ఒక్క నెల చాలు ఈ ప్రాంతం ఎలా ఉండేదో తెలియడానికి. గెరిల్లాలకి తిండీ మందుగుండూ అందిస్తున్నారని వాళ్ళ అక్కచెల్లెళ్ళనీ చుట్టాల ఆడపిల్లల్నీ పట్టుకొచ్చి కాన్సస్ సిటీలో ఒక భవనంలో బంధించింది సైన్యం. ఆ భవనం కూలిపోయింది. చనిపోయినవాళ్ళలో ఇంకో గెరిల్లా నాయకుడు 'బ్లడీ బిల్' ఆండర్సన్ చెల్లెలు జోసఫీన్ ఉంది, అతని మిగతా చెల్లెళ్ళు గాయపడ్డారు. సైన్యం కావాలనే కూల్చిందని గెరిల్లాలు నమ్మారు. వారం తిరిగిందో లేదో ఆగస్టు 21 తెల్లవారుజామున నాలుగొందల మందికి పైగా గెరిల్లాలతో క్వాంట్రిల్ లారెన్స్ మీద పడ్డాడు. నాలుగు గంటలపాటు. చేతికి అందిన మగవాళ్ళనీ, మీసం కూడా రాని కుర్రాళ్ళనీ ఇళ్ళ ముందే, భార్యల కళ్ళెదుటే కాల్చారు. నూట యాభైమందికి తక్కువ కాదు, రెండొందల దాకా చెప్తారు. ఆ గుంపులో కోల్ యంగర్ ఉన్నాడు, ఫ్రాంక్ జేమ్స్ ఉన్నాడు. వాళ్ళు ముఖ్యంగా వెతికిన జిమ్ లేన్ మాత్రం రాత్రి చొక్కాతోనే మొక్కజొన్న చేలోకి పారిపోయి బతికిపోయాడు. నాయకుడు బతకడం, ఊరు చావడం, దీనికి కామెంటు అక్కర్లేదు.

జైలు కూలినందుకే లారెన్స్ జరిగిందని చాలామంది చెప్తారు. ఇది కూడా ఫ్లాష్‌బ్యాక్ కత్తిరింపే. ఆ దాడి ఆలోచన క్వాంట్రిల్‌కి అంతకుముందు నుంచే ఉంది, భవనం కూలడం దానికి కోపాన్ని చేర్చింది, అంతే.

నాలుగు రోజులకి ఉత్తరాది జనరల్ థామస్ యూయింగ్ పదకొండో నంబరు ఉత్తర్వు ఇచ్చాడు. సరిహద్దు పొడవునా మిస్సోరి వైపు మూడు కౌంటీలూ, నాలుగోదాంట్లో కొంతా, సైనిక స్థావరాలకి మైలు దూరం దాటి ఉన్న జనమంతా పదిహేను రోజుల్లో ఖాళీ చేయాలి. ఇరవై వేలమంది ఇళ్ళొదిలి పోయారు, వెనకాలే ఇళ్ళు కాలిపోయాయి. చాలా ఏళ్ళు ఆ ప్రాంతాన్ని 'బర్న్‌ట్ డిస్ట్రిక్ట్' అన్నారు, కాలిన ఇళ్ళలో పొగ గొట్టాలు మాత్రం నిలబడి ఉండేవట. నేను కాస్ట్‌కోకి వెళ్ళే దారి అదే.

సరే, ఇంత జరిగాక కుర్రాడు తుపాకి పట్టడంలో ఆశ్చర్యమేముంది అని మీరడగొచ్చు. లేదు, నాకూ ఆశ్చర్యం లేదు. పదహారేళ్ళవాణ్ణి ఈ రోజుల్లో అయితే బాల సైనికుడు అంటాం. ఆ మాట కూడా న్యాయమే. కానీ తుపాకి పట్టాక వాడు ఏం నేర్చుకున్నాడో కూడా చూడాలి గదా.

జెస్సీ 1864లో చేరింది బ్లడీ బిల్ ఆండర్సన్ గుంపులో. వీళ్ళని బుష్‌వాకర్లు అనేవారు, పొదల్లో తిరిగేవాళ్ళని. ఒక్కొక్కడి దగ్గర ఆరు గుళ్ళ రివాల్వర్లు రెండు నుంచి నాలుగు. ఉత్తరాది సైనికుడు ఒక గుండు కాల్చి మళ్ళీ మందు కూరుకునేలోపు వీడు గుర్రం మీద నుంచే పాతిక గుళ్ళు పేల్చగలడు. మంచి గుర్రాలు. చచ్చిన సైనికుల నీలం యూనిఫారాలే వేసుకుని దగ్గరికి నవ్వుతూ వచ్చి కాల్చేవాళ్ళు. పని కాగానే ఇద్దరు ముగ్గురుగా విడిపోయి చుట్టాల ఇళ్ళలో, తెలిసినవాళ్ళ కొట్టాల్లో మాయమైపోయేవాళ్ళు. 1864 సెప్టెంబరు 27న సెంట్రలియా అనే చిన్న స్టేషన్లో ఆండర్సన్ మనుషులు రైలు ఆపి, అందులో సెలవు మీద ఇంటికెళ్తున్న ఆయుధాల్లేని సైనికుల్ని ఇరవైమందికి పైగా దింపి, బట్టలిప్పించి కాల్చారు. మధ్యాహ్నం వాళ్ళని వెంటాడుతూ వచ్చిన మేజర్ జాన్‌స్టన్ దళంలో నూరుమందికి పైగా చంపారు, శవాల్ని ఏం చేశారో ఇక్కడ రాయను. మేజర్‌ని కాల్చింది మా తమ్ముడేనని ఫ్రాంక్ తర్వాత చెప్పుకున్నాడు. ఆ తమ్ముడికి పదిహేడు నిండి మూడు వారాలు.

ఇప్పుడు ఆ జాబితా మళ్ళీ చదవండి. రైలు ఆపడం. మారువేషం. జేబుకొక రివాల్వరు, మెరుపులా వచ్చి మెరుపులా పోవడం. విడిపోయి చుట్టాల ఇళ్ళలో దాక్కోవడం. 1866 నుంచి జరిగిన ప్రతి దోపిడీలోనూ ఇవే. కొత్తగా ఏం కనిపెట్టలేదు వాళ్ళు. పాత పనినే జీతం లేని ఉద్యోగం నుంచి లాభమున్న వ్యాపారంగా మార్చారు.

యుద్ధం తర్వాత మిస్సోరిలో ఓడినవాళ్ళకి ఇబ్బందులు లేవని కాదు. 1865 రాజ్యాంగం ఒక ప్రమాణం పెట్టింది, తిరుగుబాటుకి ఎన్నడూ ఏ సాయమూ చేయలేదని ఒట్టేసి చెప్పనివాడికి ఓటు లేదు, జ్యూరీలో కూర్చునే వీల్లేదు, పాఠం చెప్పే వీల్లేదు, చర్చిలో బోధించే వీల్లేదు. బోధకుల విషయంలో దాన్ని 1867లో సుప్రీంకోర్టు కొట్టేసింది. జెస్సీకి యుద్ధం చివరి రోజుల్లో ఛాతీలో గుండు దిగింది, నెలల తరబడి మంచంలో ఉన్నాడు. సేవ చేసిన మేనత్త కూతురు 'జీ'నే తర్వాత పెళ్ళాడాడు. (ఆమె అసలు పేరూ జెరెల్డానే, జెస్సీ వాళ్ళమ్మ పేరే పెట్టారు. ఇంట్లో ఎవర్ని పిలిస్తే ఎవరు పలికేవాళ్ళో!) అయినా ఈ కష్టాలు వేలమందికొచ్చాయి. క్వాంట్రిల్ దగ్గర పనిచేసినవాళ్ళలో ఎక్కువమంది ఇంటికెళ్ళి మడక పట్టారు. అదే గాయం, అదే ఓటమి, అదే ఓటు లేని బతుకు. దొంగలైంది గుప్పెడుమంది. గాయమే కారణమైతే మిస్సోరిలో సగం మగాళ్ళు బ్యాంకులు దోచుండాలి.

1866 ఫిబ్రవరి 13న లిబర్టీ పట్టణంలో క్లే కౌంటీ సేవింగ్స్ అసోసియేషన్ మీద పాత బుష్‌వాకర్ల గుంపు పడింది. దాదాపు 60,000 డాలర్లు. బ్యాంకు రిపబ్లికన్ పక్షపు పెద్దలది, అంటే గెలిచిన ఉత్తరాది వైపువాళ్ళది, కాబట్టి ఇది రాజకీయం అని వాదిస్తారు. కావచ్చు. కానీ పోతూ పోతూ వీధిలో ఉన్న ఒక కుర్రాణ్ణి కాల్చేశారు, జార్జ్ వైమోర్ అని, విలియం జ్యువెల్ కాలేజీ విద్యార్థి. గుర్తుందా ఆ కాలేజీ పేరు?

జెస్సీ పేరు రాష్ట్రమంతా మోగింది 1869 డిసెంబరులో. గాలటిన్ అనే ఊరి బ్యాంకులో క్యాషియర్ జాన్ షీట్స్‌ని కాల్చి చంపారు. బ్లడీ బిల్‌ని చంపిన మిలీషియా అధికారి శామ్యూల్ కాక్స్ అనుకుని చంపారు, మనిషి తప్పు. ఐదేళ్ళ పగ తీర్చుకున్నామన్నారు, తీరా చచ్చింది సంబంధం లేనివాడు. మన సినిమాలో అయితే ఈ సీను ఉండదు.

ఇక్కడే కథలోకి నాకు అందరికంటే ఆసక్తిగా అనిపించే మనిషి వస్తాడు, చేతిలో తుపాకి లేని మనిషి. జాన్ న్యూమన్ ఎడ్వర్డ్స్. దక్షిణాది సైన్యంలో జనరల్ షెల్బీ దగ్గర పనిచేసి, ఓడాక లొంగిపోవడం ఇష్టంలేక మెక్సికో వెళ్ళి, తిరిగొచ్చి కాన్సస్ సిటీ టైమ్స్ పత్రికలో సంపాదకుడయ్యాడు. 1872లో కాన్సస్ సిటీ సంతలో ముగ్గురు గుర్రాల మీదొచ్చి టికెట్ల డబ్బుపెట్టె లాక్కుపోయారు, ఆ గలాటాలో ఒక చిన్నపిల్ల కాలికి గుండు తగిలింది. దాని మీద ఎడ్వర్డ్స్ సంపాదకీయం రాస్తే అందులో వాళ్ళు పాతకాలపు వీరులు, శౌర్యానికి మారుపేర్లు. పిల్ల కాలు సంగతి ఆ వీరగాథలో ఎక్కడ పడుతుంది? జెస్సీ తన అమాయకత్వం గురించి రాసిన ఉత్తరాలు ఇదే పత్రికలో అచ్చయ్యాయి. దొంగ, ఎడిటరు, ఇద్దరికీ ఒకరి అవసరం ఒకరికుంది. పేదలకి పంచాడన్న మాటకి సాక్ష్యం లేదు. పంచింది కథలు, అవి బాగానే పంచారు.

ఎడ్వర్డ్స్‌కి కావలసింది జెస్సీ కాదని నాకనిపిస్తుంది. ఓడిపోయిన తన పక్షానికి ఇంకా తలవంచని ఒక మొహం కావాలి. ఆ అవసరం ఎంతకాలమో అంతకాలమే జెస్సీ వీరుడు. 1870ల చివరికి వచ్చేసరికి పాత దక్షిణాది మనుషులే మిస్సోరిలో మళ్ళీ అధికారంలోకొచ్చేశారు. 1879 నాటికి రాష్ట్రం నుంచి వెళ్ళిన ఇద్దరు సెనేటర్లూ వాళ్ళే, ఒకరు దక్షిణాది జనరల్, ఇంకొకరు దక్షిణాది పార్లమెంటు సభ్యుడు. సెనేటులో కుర్చీ దొరికాక రైలు దోచేవాడితో ఏం పని?

ఈ మధ్యలో 1875 జనవరిలో ఒక రాత్రి పింకర్టన్ అనే ప్రైవేటు కంపెనీ డిటెక్టివ్‌లు జెస్సీ ఇంట్లో ఉన్నాడనుకుని కిటికీలోంచి నిప్పుల గుండు విసిరారు. అది పేలి ఎనిమిదేళ్ళ తమ్ముడు ఆర్చీ చచ్చిపోయాడు, తల్లికి ఒక చెయ్యి పోయింది. జెస్సీ ఇంట్లో లేడు. దీన్ని సమర్థించే మాట నా దగ్గర లేదు, ఎవరి దగ్గరా ఉండకూడదు. ఆ ఏడు దొంగలకి క్షమాభిక్ష పెట్టాలన్న ప్రతిపాదన రాష్ట్ర శాసనసభలో గెలిచే దాకా వచ్చింది. ఫ్లాష్‌బ్యాక్‌కి ఇంకో సీను దొరికింది.

నా వాదనకి అన్నిటికంటే గట్టి సాక్ష్యం నార్త్‌ఫీల్డ్. 1876 సెప్టెంబరు 7న ఎనిమిదిమంది ఎక్కడో ఉత్తరాన మిన్నెసోటాలో బ్యాంకు దోచబోయారు. ఆ బ్యాంకులో పాత ఉత్తరాది జనరల్ అడల్బర్ట్ ఏమ్స్‌కి వాటా ఉంది, అందుకే వెళ్ళామని తర్వాత యంగర్లు అన్నారు. ధైర్యం అదే, రివాల్వర్లు అవే, పగా అదే. ఊరు మాత్రం వేరు. అక్కడ వాళ్ళకి చుట్టం లేడు, కొట్టం లేదు, దారి చెప్పేవాడు లేడు. జోసఫ్ లీ హేవుడ్ అనే ఉద్యోగి ఖజానా తెరవనన్నాడు, అతను కూడా ఉత్తరాది సైన్యంలో పనిచేసినవాడే, చంపారు. వీధిలో ఊరివాళ్ళు కొట్ల నుంచి, సెలవుకొచ్చిన ఒక మెడికల్ స్టూడెంట్ హోటల్ కిటికీ నుంచి కాల్పులు మొదలెట్టారు. ఏడెనిమిది నిమిషాల్లో ఇద్దరు దొంగలు వీధిలోనే పోయారు. రెండు వారాలు వానలో బురదలో తిరిగి యంగర్ అన్నదమ్ములు ముగ్గురూ దొరికిపోయారు, ఇంకొకడు చచ్చాడు. జేమ్స్ అన్నదమ్ములు తప్పించుకున్నారు. దక్కింది 26 డాలర్ల 70 సెంట్లు.

పదేళ్ళు దొరకని వీరులు ఇంటి ప్రాంతం దాటగానే పదిహేను రోజుల్లో ఎందుకు కుప్పకూలారు? ఎందుకంటే వాళ్ళని కాపాడింది వాళ్ళ వీరత్వం ఎప్పుడూ కాదు. యుద్ధం ఒక ప్రాంతంలో అల్లి వదిలిన చుట్టరికాలూ, మౌనాలూ, భయాలూ కాపాడాయి. క్లే కౌంటీలో సాక్ష్యం చెప్పడానికి నోరు రానివాళ్ళు మిన్నెసోటాలో లేరు.

ఇక మామయ్యగారి ప్రశ్న దగ్గరికొస్తాను. పొగాకు చేసినవాళ్ళు ఏమయ్యారు? ఇదే సరిహద్దు దాటి మిస్సోరి బానిసలు వందలకొద్దీ కాన్సస్ పారిపోయారు. వాళ్ళలో చాలామందితో కాన్సస్ మొదటి నల్లజాతి పటాలం ఏర్పడింది. 1862 అక్టోబరులో వాళ్ళు మళ్ళీ మిస్సోరిలోకొచ్చి బేట్స్ కౌంటీలో ఐలాండ్ మౌండ్ దగ్గర గెరిల్లాలతో పోరాడి నిలబడ్డారు. ఎవరు చూసినా వాళ్ళ గాయం జెస్సీ గాయం కంటే చిన్నది కాదు. వాళ్ళని ఇంటింటి కథగా మార్చే ఎడ్వర్డ్స్ లాంటి ఎడిటరు దొరకలేదు, వాళ్ళ ఫ్లాష్‌బ్యాక్‌కి ఈల వేసే హాలు లేదు. నేను ఇన్నేళ్ళు ఇక్కడుండి జేమ్స్ ఇల్లు మూడుసార్లు చూశాను, ఐలాండ్ మౌండ్‌కి ఒక్కసారీ వెళ్ళలేదు. ఈ వాక్యం రాసేదాకా అది నాకు తట్టలేదు కూడా.

1882 ఏప్రిల్ 3న సెయింట్ జోసఫ్‌లో, థామస్ హోవర్డ్ అనే దొంగపేరుతో అద్దె ఇంట్లో ఉంటున్న జెస్సీని సొంత ముఠావాడే, బాబ్ ఫోర్డ్, వెనక నుంచి కాల్చాడు. ఆ అక్టోబరులో ఫ్రాంక్ గవర్నర్ దగ్గరికి వెళ్ళి తుపాకి అప్పగించాడు, వెంట తీసుకెళ్ళింది ఎవరనుకున్నారు, ఎడ్వర్డ్సే. గాలటిన్‌లో విచారణకి జనం పట్టక నాటకాల హాల్లో కోర్టు పెట్టారు, జనరల్ షెల్బీ స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పాడు, ఫ్రాంక్ నిర్దోషిగా బయటికొచ్చాడు. తర్వాత చెప్పుల దుకాణంలో పనిచేశాడు, థియేటర్ గేటు దగ్గర నిలబడ్డాడు, క్వాంట్రిల్ పాత దళం ఏటేటా కలుసుకునే సభలకి వెళ్ళి వచ్చాడు, 1915లో మంచం మీద పోయాడు.

జెస్సీని వాళ్ళమ్మ ఇంటి పెరట్లోనే పూడ్చిపెట్టించింది. మనుషులు రైళ్ళెక్కి చూడ్డానికొచ్చేవాళ్ళు. ఆ ఒంటి చేతి ముసలామె వాళ్ళ దగ్గర డబ్బు తీసుకుని ఇల్లు చూపించి, ఉరితాడు దగ్గర్నుంచి మొదలెట్టి కథంతా చెప్పి, ఏడ్చి, చివర్లో సమాధి మీది గులకరాళ్ళు పావలా డాలరుకి ఒకటి చొప్పున అమ్మేదట. రాళ్ళు అయిపోతే పక్క వాగులోంచి తెప్పించి మళ్ళీ పోయించేదట.

తిరుగు ప్రయాణంలో ఇది చెప్తే మామయ్యగారు కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నారు: "వాగులో రాళ్ళు ఆవిడే ఏరేదా, దానిక్కూడా మనుషులుండేవాళ్ళా?"